యూఎస్‌బీ డ్యాక్ పనిని సీపీయూ నుంచి డీఎస్పీకి అప్పగించడం: లైనక్స్‌లో ఎంతవరకు అవుతుంది, ఎక్కడ చిక్కుతుంది

మీ ప్రశ్న సారాంశం ఇదీ. మీ దగ్గర క్వాల్‌కామ్ ఎస్‌ఎం8250 చిప్ ఉన్న బోర్డు ఉంది, దాని మీద లైనక్స్ మెయిన్‌లైన్ (అధికారిక మూల శాఖ) 6.16 కెర్నల్ నడుస్తోంది. యూఎస్‌బీ డ్యాక్ (డిజిటల్ ధ్వనిని హెడ్‌ఫోన్‌కి పోయే అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం) తగిలించి పాట పెడితే సీపీయూ లోతు నిద్రలోకి పోవడం లేదు. ఆ పనిని చిప్‌లోని ఆడియో డీఎస్పీకి (ధ్వని పనుల కోసం ఉన్న విడి ప్రాసెసర్‌కి) అప్పగించడం ఎలా, అప్పగిస్తే ధ్వని మెరుగవుతుందా, ఇదే పని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో కూడా చేయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: బోర్డులో అవుతుంది, ల్యాప్‌టాప్‌లో కాదు. ధ్వని మెరుగవదు, ఏమరుపాటుగా ఉంటే తగ్గుతుంది కూడా. దక్కే లాభం ఒక్కటే, సీపీయూకి నిద్ర. ఆ నిద్ర కూడా పాట ప్లే చేసే ప్రోగ్రాం పెద్ద బఫర్ వాడితేనే దక్కుతుంది. చాలామంది కెర్నల్ పని అంతా సరిగ్గా చేసి, ఈ చివరి మెట్టు దగ్గర జారిపోతారు.

ముందు మామూలు దారిలో ఏం జరుగుతుందో చూద్దాం. 48 కిలోహెర్ట్జ్, రెండు ఛానళ్లు, 24 బిట్లు అంటే మిల్లీసెకనుకి 288 బైట్లు. హైస్పీడ్ డ్యాక్ అయితే 125 మైక్రోసెకన్లకో ప్యాకెట్, అందులో 6 శాంపిళ్లు, 36 బైట్లు. సెకనుకి 288 కిలోబైట్లు కాపీ చేయడం ఈ కాలపు సీపీయూకి లెక్కలోకి రాని పని. కాబట్టి టాప్ అనే ప్రోగ్రాంలో సీపీయూ శాతం చూసి "ఒక్క శాతమే కదా" అనుకుంటే అసలు సమస్య కనపడదు. సమస్య పని బరువు కాదు, మాటిమాటికీ లేపడం.

లైనక్స్ యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ ఈ ప్యాకెట్లని గుత్తులుగా కట్టి కంట్రోలర్‌కి ఇస్తుంది. ఒక్కో గుత్తిని యూఆర్‌బీ అంటాం. ఒక యూఆర్‌బీలో గరిష్ఠంగా 6 మిల్లీసెకన్ల ధ్వనే పడుతుంది. క్యూలో మొత్తం 18 మిల్లీసెకన్లు దాటకుండా డ్రైవర్ జాగ్రత్తపడుతుంది. అంటే మీ ప్లేయర్‌లో రెండు సెకన్ల బఫర్ పెట్టుకున్నా, యూఆర్‌బీ పూర్తయినప్పుడల్లా సీపీయూ లేచి తర్వాతి గుత్తి నింపాల్సిందే. సెకనుకి కనీసం 167 సార్లు. పీరియడ్ (ప్లేయర్ ఒక్కోసారి నింపే ముక్క) చిన్నదైతే ఇంకా ఎక్కువ. లోతు నిద్రలోకి దిగడానికీ బయటికి రావడానికీ కొంత సమయం, కొంత కరెంటు ఖర్చవుతాయి కాబట్టి, ఇంత తరచుగా లేపుతుంటే ఐడిల్ గవర్నర్ (ఎంత లోతు నిద్రో నిర్ణయించే కెర్నల్ భాగం) లోతుకి పోవడమే మానుకుంటుంది. మీకు కనిపిస్తున్నది అదే.

అప్పగించడం అంటే నిజంగా చేతులు మారేది ఏమిటి?

ఎక్స్‌హెచ్‌సీఐ (ఈ కాలపు యూఎస్‌బీ) కంట్రోలర్‌లో ఒక్కో ఎండ్‌పాయింట్‌కి, అంటే పరికరంలోని ఒక్కో డేటా దారికి, మెమరీలో ఒక ట్రాన్స్‌ఫర్ రింగ్ ఉంటుంది. అందులో టీఆర్‌బీలు (ఏ డేటా పంపాలో చెప్పే ఆదేశాలు) రాసి డోర్‌బెల్ రిజిస్టర్ కొడితే కంట్రోలర్ డేటా పంపుతుంది. పంపాక ఈవెంట్ రింగ్‌లో కబురు పెడుతుంది. ఈ ఈవెంట్ రింగులు ఒకటికి మించి ఉండొచ్చు. ప్రతి ఇంటరప్టర్‌కి (కబురు వచ్చిందని ప్రాసెసర్‌ని లేపే భాగానికి) సొంత ఈవెంట్ రింగ్ ఉంటుంది, ఏ కబురు ఏ ఇంటరప్టర్‌కి పోవాలో టీఆర్‌బీలోనే రాయొచ్చు. స్పెసిఫికేషన్ 1024 ఇంటరప్టర్ల వరకు ఒప్పుకుంటుంది. లైనక్స్ మామూలుగా వాడేది 0వ దాన్నే.

కిటుకంతా ఇక్కడే ఉంది. ప్లేబ్యాక్ ఎండ్‌పాయింట్ ట్రాన్స్‌ఫర్ రింగ్‌నీ, విడిగా ఒక ఇంటరప్టర్‌నీ దాని ఈవెంట్ రింగ్‌నీ డీఎస్పీ చేతిలో పెడతారు. ఆ తర్వాత టీఆర్‌బీలు నింపేదీ, డోర్‌బెల్ కొట్టేదీ, కబురు చదువుకునేదీ డీఎస్పీయే. ప్రధాన సీపీయూకి ఆ ఇంటరప్ట్ అసలు రాదు. దీనికి ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్‌లో చేర్చిన భాగం పేరు సైడ్‌బ్యాండ్. 2022 చివర్లో మొదలైన ప్యాచ్ సిరీస్ ఎన్నో దఫాలు తిరగరాసుకుని 2025లో 6.16తో మెయిన్‌లైన్‌కి చేరింది.

సీపీయూ దగ్గరే మిగిలిపోయేవి: పరికరాన్ని గుర్తించడం, డిస్క్రిప్టర్లు చదవడం, ఇంటర్‌ఫేస్ ఆల్టర్నేట్ సెట్టింగ్ మార్చడం, శాంపిల్ రేటు పెట్టడం, వాల్యూమ్. ఇవన్నీ కంట్రోల్ ఎండ్‌పాయింట్ మీద నడుస్తాయి, దాన్ని డీఎస్పీకి ఇవ్వరు. అందుకే ఆఫ్‌లోడ్‌లో పాట నడుస్తున్నప్పుడు కూడా డ్యాక్ హార్డ్‌వేర్ వాల్యూమ్ యూఎస్‌బీ కార్డు మిక్సర్‌లోనే దొరుకుతుంది. దాని కోసం ఎస్‌ఓసీ (చిప్ సొంత) కార్డులో వెతకకండి.

డీఎస్పీకీ కెర్నల్‌కీ మధ్య మాటలు క్యూఎంఐ అనే క్వాల్‌కామ్ సందేశ పద్ధతిలో జరుగుతాయి. కొందరు తిరగేసి అనుకుంటారు గానీ, ఇక్కడ సర్వర్ కెర్నలే, క్లయింట్ డీఎస్పీ. "ఫలానా కార్డు, ఫలానా పీసీఎం, ఫలానా ఫార్మాట్‌లో స్ట్రీమ్ మొదలుపెట్టు" అని డీఎస్పీ అడుగుతుంది (పీసీఎం అంటే ఇక్కడ కార్డులో ధ్వని పోయే ఒక దారి). కెర్నల్ ఇంటర్‌ఫేస్‌ని సిద్ధం చేసి, ఎండ్‌పాయింట్ వివరాలు, రింగుల చిరునామాలు, ఇంటరప్టర్ నంబర్ జవాబుగా ఇస్తుంది. అసింక్రనస్ డ్యాక్ (సొంత గడియారంతో నడిచేది) అయితే ఫీడ్‌బ్యాక్ ఎండ్‌పాయింట్ రింగ్ కూడా ఇస్తుంది, ఎందుకంటే "కాస్త ఎక్కువ పంపు, కాస్త తక్కువ పంపు" అని డ్యాక్ చెప్పేది ఇక డీఎస్పీయే వినాలి.

ల్యాప్‌టాప్‌లో ఎందుకు కాదో దీన్నిబట్టే అర్థమవుతుంది. డీఎస్పీ ఉంటే చాలదు. ఆ డీఎస్పీకి కంట్రోలర్ రింగులున్న మెమరీ అందాలి, దాని ఫర్మ్‌వేర్‌కి యూఎస్‌బీ ఆడియో ప్యాకెట్లు కట్టడం రావాలి, దానితో మాట్లాడే డ్రైవర్ కెర్నల్‌లో ఉండాలి. 6.16లో ఈ దారిని వాడుకునే డ్రైవర్ క్వాల్‌కామ్‌ది ఒక్కటే. సైడ్‌బ్యాండ్, ఏసాక్ (చిప్ లోపలి ఆడియో కోసం కెర్నల్‌లో ఉన్న వ్యవస్థ) యూఎస్‌బీ భాగాలు ఎవరైనా వాడుకునేలా రాసినవే గానీ, మిగతా సగం చిప్ తయారీదారు నుంచి రావాలి. మీ బోర్డులోనే పీసీఐ మీద విడిగా కూర్చున్న యూఎస్‌బీ కంట్రోలర్ ఉంటే దాని పోర్టులకీ ఇది వర్తించదు. డ్యాక్‌ని చిప్ లోపలి డీడబ్ల్యూసీ3 కంట్రోలర్ పోర్టుకే తగిలించండి.

కెర్నల్‌లో ఆన్ చేయాల్సినవి నాలుగు. ఎక్స్‌హెచ్‌సీఐ సైడ్‌బ్యాండ్ సపోర్ట్. ఏసాక్ కింద ఎస్‌ఓసీ యూఎస్‌బీ. క్యూడీఎస్పీ6 (క్వాల్‌కామ్ ఆడియో డీఎస్పీ డ్రైవర్లు) కింద యూఎస్‌బీ బ్యాకెండ్ (ధ్వని బయటికి పోయే చివర), అంటే క్యూ6యూఎస్‌బీ. యూఎస్‌బీ సౌండ్ డివైసెస్ కింద క్వాల్‌కామ్ ఆడియో ఆఫ్‌లోడ్ డ్రైవర్. నాలుగోది మెనూలో కనపడకపోతే దాని ఆధారాల్లో ఏదో ఒకటి ఆఫ్‌లో ఉంది. ఎక్కువసార్లు అది సైడ్‌బ్యాండే, కొన్నిసార్లు క్యూఎంఐ హెల్పర్స్. మాడ్యూళ్లు ఏ వరుసలో లోడ్ అయినా ఫర్వాలేదు. ఆఫ్‌లోడ్ డ్రైవర్ ఆలస్యంగా వచ్చినా, అప్పటికే తగిలించి ఉన్న యూఎస్‌బీ ఆడియో పరికరాలని మళ్లీ వెతుక్కుంటుంది.

డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ని కెర్నల్‌కి వర్ణించే ఫైలులో) మూడు చోట్ల చేయి పెట్టాలి. మొదటిది డీడబ్ల్యూసీ3 నోడ్. అందులో హోస్ట్ కంట్రోలర్ ఇంటరప్టర్ల సంఖ్య చెప్పాలి. డీఎస్పీకి 2వ నంబర్ ఇంటరప్టర్ ఇస్తుంటే 0, 1, 2 కలిపి కనీసం 3 ఉండాలి. ఈ కంట్రోలర్‌లో గరిష్ఠం 8.

రెండోది క్యూ6యూఎస్‌బీ నోడ్. ఇందులో డీఎస్పీ తరఫు ఎస్‌ఎంఎంయూ (ఏ హార్డ్‌వేర్ ఏ మెమరీని తాకొచ్చో చూసే భాగం) స్ట్రీమ్ ఐడీ, ఇంటరప్టర్ ఇండెక్స్ ఉంటాయి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఇంటరప్టర్ ఇండెక్స్ 16 బిట్ల విలువ. డివైస్ ట్రీలో ఉత్త కోణపు బ్రాకెట్లలో 2 అని రాస్తే అది 32 బిట్ల సెల్ అవుతుంది. బిగ్ ఎండియన్ కాబట్టి డ్రైవర్ మొదటి రెండు బైట్లే చదివి దాన్ని 0 అనుకుంటుంది. 0వ ఇంటరప్టర్ కెర్నల్ సొంతం. ఎర్రర్ సూటిగా రాదు, కథ మరెక్కడో అడ్డం తిరుగుతుంది. విలువ ముందు బిట్స్ 16 అని తప్పనిసరిగా రాయాలి.

మూడోది సౌండ్ కార్డు నోడ్‌లో కొత్త లింక్. సీపీయూ వైపు క్యూ6ఏఎఫ్‌ఈ లోని యూఎస్‌బీ ఆర్‌ఎక్స్ డీఏఐ (డిజిటల్ ఆడియో ఇంటర్‌ఫేస్), కోడెక్ వైపు క్యూ6యూఎస్‌బీ లోని యూఎస్‌బీ ఆర్‌ఎక్స్ డీఏఐ, ప్లాట్‌ఫామ్‌గా క్యూ6రౌటింగ్. యూఎస్‌బీ డ్యాక్‌ని "కోడెక్" అని పిలవడం మొదట వింతగా ఉంటుంది. ఏసాక్ చూపులో మాత్రం బ్యాకెండ్ చివర ఏదో ఒక కోడెక్ ఉండాలి, ఆ వేషం క్యూ6యూఎస్‌బీ వేస్తుంది.

చిప్ సంగతిలో ఒక హెచ్చరిక. 6.16లో చేరిన కోడ్ క్యూ6ఏఎఫ్‌ఈ మీద, అంటే ఏపీఆర్ అనే సందేశ పద్ధతి వాడే పాత డీఎస్పీ ఫర్మ్‌వేర్ మీద నిలబడింది. మీ ఎస్‌ఎం8250 ఆ తరానిదే, కాబట్టి చిక్కు లేదు. ఎస్‌ఎం8450 నుంచి ఆడియోరీచ్ అనే వేరే నిర్మాణం వచ్చింది, అక్కడ పై లింక్‌ని కాపీ కొడితే పని చేయదు.

బూట్ అయ్యాక చూడాల్సిన వరుస

తొందరపడి పాట పెట్టేయకండి. కింద నుంచి పైకి ఒక్కో మెట్టు ఖాయం చేసుకుంటూ రండి, లేకపోతే ఎక్కడ తెగిందో తెలియక రోజులు పోతాయి.

ముందు రిమోట్‌ప్రాక్ (చిప్‌లోని ఇతర ప్రాసెసర్లని నడిపే కెర్నల్ భాగం) స్టేట్ ఫైలులో ఆడియో డీఎస్పీ రన్నింగ్ అని ఉందా చూడండి. తర్వాత క్యూఆర్‌టీఆర్ లుకప్ నడిపితే సర్వీసుల జాబితా వస్తుంది. అందులో 1053 నంబర్ సర్వీసు ఉంటే కెర్నల్ తన వంతు యూఎస్‌బీ ఆడియో సర్వర్‌ని నిలబెట్టినట్టే.

తర్వాత డ్యాక్ తగిలించి అల్సా (లైనక్స్ సౌండ్ వ్యవస్థ) కార్డుల జాబితా చూడండి. రెండు కార్డులు కనపడాలి, ఒకటి ఎస్‌ఓసీ కార్డు, రెండోది మామూలు యూఎస్‌బీ కార్డు. ఆఫ్‌లోడ్ పెట్టినంత మాత్రాన యూఎస్‌బీ కార్డు మాయమవదు. రెండు దారులూ ఉంటాయి, ఏది వాడాలో యూజర్‌స్పేస్ ఎంచుకోవాలి. యూఎస్‌బీ కార్డు నంబర్ ఇచ్చి టైనీమిక్స్‌తోనో ఏమిక్సర్‌తోనో కంట్రోళ్లు చూస్తే, యూఎస్‌బీ ఆఫ్‌లోడ్ ప్లేబ్యాక్ కార్డ్ రూట్, యూఎస్‌బీ ఆఫ్‌లోడ్ ప్లేబ్యాక్ పీసీఎం రూట్ అని రెండు కొత్తవి కనపడాలి. ఈ డ్యాక్‌కి ఆఫ్‌లోడ్ దారి ఏ కార్డులో, ఏ పీసీఎం నంబర్ కింద ఉందో అవి చెప్తాయి. విలువ -1 అంటే దారి లేదని అర్థం.

కంట్రోళ్లే లేకపోతే ఆఫ్‌లోడ్ డ్రైవర్ ఈ పరికరాన్ని పట్టించుకోలేదన్నమాట. మాడ్యూల్ లోడ్ అయిందా, క్యూ6యూఎస్‌బీ ప్రోబ్ అయిందా చూడండి. కంట్రోళ్లు ఉండి -1 చూపిస్తే సౌండ్ కార్డు లింక్‌ని అనుమానించండి.

ఇప్పుడు ఎస్‌ఓసీ కార్డులో రూటింగ్ పెట్టాలి: యూఎస్‌బీ ఆర్‌ఎక్స్ ఆడియో మిక్సర్ మల్టీమీడియా1 అనే స్విచ్‌ని 1 చేయండి. ఆ తర్వాత ఏప్లేతో ఎస్‌ఓసీ కార్డు మల్టీమీడియా1 పీసీఎం మీద 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల స్టీరియో ఫైలు ప్లే చేయండి. యూఎస్‌బీ కార్డు మీద కాదు. వినడానికి చిన్న విషయమే గానీ, "ఆఫ్‌లోడ్ పనిచేస్తోంది, కానీ నిద్ర రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని, తీరా చూస్తే మామూలు యూఎస్‌బీ దారిలోనే ప్లే అవుతున్నవి.

నిజంగా డీఎస్పీ దారిలోనే పోతోందని ఎలా నమ్మాలి? చెవికి తేడా తెలియదు. మూడు చోట్ల చూడండి. ప్రాక్ కింద ఇంటరప్ట్స్ ఫైలులో ఎక్స్‌హెచ్‌సీఐ వరుస: మామూలు దారిలో సెకనుకి వందల్లో పెరిగే అంకె, ఆఫ్‌లోడ్‌లో దాదాపు కదలకుండా నిలబడాలి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే. ప్రాక్ కింద అసౌండ్‌లో యూఎస్‌బీ కార్డు పీసీఎం స్టేటస్ క్లోజ్డ్ అనీ, ఎస్‌ఓసీ కార్డు పీసీఎం స్టేటస్ రన్నింగ్ అనీ ఉండాలి. డీబగ్‌ఎఫ్‌ఎస్ ఆన్ చేసి ఉంటే ఏసాక్ ఫోల్డర్‌లో ఫ్రంటెండ్ (ప్లేయర్ తెరిచే వైపు) కింద స్టేట్ ఫైలు చూడండి. బ్యాకెండ్ ఏది, ఏ ఫార్మాట్, ఏ రేటు అన్నీ అందులో ఉంటాయి. ఈ ఫైలు మీకు తర్వాత కూడా పనికొస్తుంది.

తప్పు జరిగే చోట్లు

ఓపెన్ చేయగానే ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ వచ్చి, డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల లాగ్‌లో) మల్టీమీడియా1కి బ్యాకెండ్ డీఏఐలేవీ ఎనేబుల్ కాలేదని ఉంటే, రూటింగ్ స్విచ్ మరిచిపోయారు. రీబూట్ తర్వాత ఆ స్విచ్ విలువ పోవడం కూడా మామూలే. యూసీఎం ప్రొఫైల్‌లో (అల్సా మిక్సర్ సెట్టింగులు రాసి ఉంచే ఫైలులో) రాసుకుంటే ఈ తలనొప్పి తగ్గుతుంది.

రూటింగ్ ఉండి కూడా హార్డ్‌వేర్ పారామితులు పెట్టే దగ్గర అదే ఎర్రర్ వస్తే, బ్యాకెండ్ అడుగుతున్న రేటు, ఫార్మాట్ మీ డ్యాక్‌లో లేవు. కెర్నల్ డ్యాక్ డిస్క్రిప్టర్లతో పోల్చి, జత కుదరకపోతే ముందే వద్దంటుంది. డ్యాక్ ఏవి ఒప్పుకుంటుందో ప్రాక్ అసౌండ్‌లో ఆ కార్డు స్ట్రీమ్0 ఫైలులో వరుసగా ఉంటుంది.

డివైస్ బిజీ అని వస్తే ఆ డ్యాక్‌ని మామూలు దారిలో ఇంకెవరో పట్టుకుని ఉన్నారు. ఒకే ఎండ్‌పాయింట్‌ని ఇద్దరు నడపలేరు కాబట్టి ముందు తెరిచినవాళ్లదే రాజ్యం. డీఎస్పీ వాడుతుండగా యూఎస్‌బీ పీసీఎం తెరిచినా ఇదే జవాబు. డెస్క్‌టాప్ ఉన్న సిస్టంలో దోషి సాధారణంగా పైప్‌వైర్ అనే సౌండ్ సర్వర్. డ్యాక్ తగిలించగానే దాన్ని తన అవుట్‌పుట్‌గా ఎత్తుకుంటుంది, పాట ఆగాక కూడా డిఫాల్ట్‌గా 5 సెకన్లు వదలదు. పైప్‌వైర్ పరికరాలని నిర్వహించే వైర్‌ప్లంబర్‌లో ఆ యూఎస్‌బీ పరికరాన్ని డిసేబుల్ చేసే రూల్ రాసి, పైప్‌వైర్‌కి ఎస్‌ఓసీ కార్డు ఒక్కటే కనపడేలా చేయడం మేలు.

ఏ ఎర్రర్ లేకుండా స్టేటస్ రన్నింగ్ అని చూపిస్తూ చప్పుడు రాకపోతే, మెమరీ మ్యాపింగ్‌ని అనుమానించండి. డీమెసేజ్‌లో ఎస్‌ఎంఎంయూ కాంటెక్స్ట్ ఫాల్ట్ కనపడితే స్ట్రీమ్ ఐడీ తప్పు. డీఎస్పీ రింగులని చేరలేక గోడకి తల కొట్టుకుంటోంది. క్యూ6యూఎస్‌బీ డ్రైవర్ ఆ ఐడీలో కింది 4 బిట్లని విడదీస్తుంది, ఆఫ్‌లోడ్ డ్రైవర్ వాటిని డీఎస్పీకి ఇచ్చే చిరునామాల పై సగంలో చేరుస్తుంది, కాబట్టి ఇంకో చిప్ డివైస్ ట్రీ నుంచి ఎత్తిన అంకె దగ్గరగా కనిపించినా పనిచేయదు. ఫాల్ట్ కూడా లేకపోతే ఇంటరప్టర్ ఇండెక్స్‌కి, ఆ 16 బిట్ల సంగతికి తిరిగి రండి. అదీ సరిగ్గానే ఉంటే ఇక మిగిలింది ఫర్మ్‌వేర్: మీ బోర్డుకి వచ్చిన డీఎస్పీ ఫర్మ్‌వేర్‌లో యూఎస్‌బీ పోర్టు సౌకర్యం లేకపోవచ్చు. దాన్ని కెర్నల్ వైపు నుంచి ఎవరూ బాగుచేయలేరు.

సిస్టం నిద్రలోకి పోతే పాట ఆగుతుంది. యూఎస్‌బీ సస్పెండ్ సమయంలో 6.16 డ్రైవర్ డీఎస్పీకి "పరికరం పోయింది" అనే కబురు పంపి స్ట్రీమ్ ఆపిస్తుంది. ఫోన్‌లో తెర ఆరిపోయాక పాట నడిచినట్టు ఇక్కడా మొత్తం సిస్టం సస్పెండ్‌లో నడవాలని ఆశపడకండి. ఇక్కడ దక్కేది సీపీయూ ఐడిల్ నిద్ర.

డ్యాక్‌లు రెండు తగిలిస్తే చివర తగిలించిన దానికే డీఎస్పీ దారి పోతుంది. దాన్ని పీకేస్తే మొదటిదానికి తిరిగొస్తుంది. అల్సా పేరుతో ఎంచుకునే వీలు లేదు, తగిలించే వరుసే ఎంపిక. డీఎస్పీ కూలిపోయి మళ్లీ లేస్తే కెర్నల్ పాత స్ట్రీమ్‌ని ఆపి ఎండ్‌పాయింట్ వెనక్కి తీసుకుంటుంది, మీ ప్రోగ్రాం మాత్రం పీసీఎంని మూసి మళ్లీ తెరవాలి.

మైక్ గురించి అడగలేదు గానీ చెప్పడం మంచిది: ఇది ప్లేబ్యాక్‌కి మాత్రమే. హెడ్‌సెట్ మైక్ యూఎస్‌బీ కార్డులో మామూలు దారిలోనే ఉంటుంది. కాల్ మాట్లాడుతున్నంతసేపూ క్యాప్చర్ యూఆర్‌బీలు సీపీయూని లేపుతూనే ఉంటాయి. కాల్స్ కోసమే ఇదంతా చేయాలనుకుంటే ఆ శ్రమ వృథా.

ఇక ధ్వని నాణ్యత. ఆఫ్‌లోడ్ అనగానే "సీపీయూ గోల తగ్గి ధ్వని శుభ్రపడుతుంది" అని కొందరు రాస్తుంటారు. అసింక్రనస్ డ్యాక్‌లో గడియారం డ్యాక్‌దే. ప్యాకెట్‌ని సీపీయూ కట్టినా డీఎస్పీ కట్టినా డ్యాక్ బఫర్‌లో పడేది అవే బిట్లు. నష్టం మాత్రం నిజంగానే జరగొచ్చు. ఎస్‌ఎం8250 మెషీన్ డ్రైవర్ (బోర్డు సౌండ్ కార్డుని కూర్చే డ్రైవర్) బ్యాకెండ్లన్నిటినీ 48 కిలోహెర్ట్జ్, రెండు ఛానళ్లకి బిగించేస్తుంది. యూఎస్‌బీ ఆర్‌ఎక్స్ డీఏఐ 192 కిలోహెర్ట్జ్ వరకు ఒప్పుకున్నా, మీ 44.1 ఫైలు డీఎస్పీలో 48కి మారి వస్తుంది, 96 ఫైలు 48కి దిగుతుంది. ఇందాకటి స్టేట్ ఫైలులో ఇది అచ్చుగుద్దినట్టు కనపడుతుంది. మార్చుకోవాలంటే మెషీన్ డ్రైవర్‌లో బ్యాకెండ్ పారామితుల ఫిక్సప్ ఫంక్షన్‌లో యూఎస్‌బీ లింక్‌ని విడిగా చూసి దానికి వేరే రేటు ఇవ్వాలి. నాలుగు లైన్ల మార్పే గానీ, రేటు ఒక్కటే ఉంటుంది, ఫైలుని బట్టి మారదు. డీఎస్‌డీ (ఒక్క బిట్ శాంపిళ్ల ఆడియో ఫార్మాట్) సంగతి ఇక్కడ మరిచిపోండి. ఆ ఫార్మాట్లు ఈ డీఏఐలో లేవు. మామూలు పీసీఎం శాంపిళ్ల ముసుగులో డీఎస్‌డీని పంపే డీఓపీ కూడా దారిలో రీశాంప్లింగ్ గానీ గెయిన్ గానీ తగిలితే చెడిపోయి ఉత్త హిస్ శబ్దం అవుతుంది. బిట్ మార్పు లేకుండా వినడమే మీ ధ్యేయమైతే మామూలు యూఎస్‌బీ దారే సరైనది. నేనైతే కరెంటు తీగ మీద నడిచే ఏ పరికరంలోనూ దీన్ని పెట్టను.

బ్యాటరీ మీద నడిచేదైతే, లాభం రాబట్టే చోటు ఇదీ. ఆఫ్‌లోడ్ తర్వాత యూఆర్‌బీల మేలుకొలుపులు పోయాయి. మిగిలింది మల్టీమీడియా1 పీసీఎంలో ప్లేయర్ డేటా నింపే మేలుకొలుపులు. ఈ డ్రైవర్‌లో ఒక పీరియడ్ గరిష్ఠంగా 65536 బైట్లు, పీరియడ్లు 8 వరకు. 16 బిట్ల స్టీరియోలో 65536 బైట్లంటే 16384 ఫ్రేములు, 48 కిలోహెర్ట్జ్‌లో 341 మిల్లీసెకన్లు. సెకనుకి 167 కాస్తా 3కి దిగింది. పూర్తి బఫర్ రెండున్నర సెకన్లు దాటుతుంది.

అదే పైప్‌వైర్ గుండా పోతే డిఫాల్ట్ క్వాంటం (ఒక్కో విడతలో నింపే పరిమాణం) 1024 ఫ్రేములు, అంటే 21 మిల్లీసెకన్లకోసారి, సెకనుకి దాదాపు 47 మేలుకొలుపులు. డిఫాల్ట్ సెట్టింగుల్లో గరిష్ఠమైన 2048 పెట్టినా 23. ముందుకన్నా నయమే గానీ, ఇంత కష్టపడింది దీనికా అనిపిస్తుంది. మ్యూజిక్ ప్లేయర్ ఒక్కటే నడిచే పరికరమైతే పైప్‌వైర్‌ని తప్పించి, అల్సా పీసీఎంని నేరుగా తెరిచి, పీరియడ్ 16384 ఫ్రేములు పెట్టండి. మిక్సింగ్ కావాలంటే క్వాంటం పెంచండి, కానీ అప్పుడు నోటిఫికేషన్ శబ్దాలూ బటన్ క్లిక్కులూ అంత ఆలస్యంగా వస్తాయి. వీడియో చూసేటప్పుడు ప్లేయర్ ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకపోతే పెదాలకీ మాటలకీ పొత్తు కుదరదు.

కొలిచేటప్పుడు పవర్‌టాప్‌లో సెకనుకి మేలుకొలుపుల లెక్క, సీపీయూ ఐడిల్ స్థితుల్లో గడిపిన సమయం రెండూ రాసుకోండి. ఒకే ఫైలు, ఒకే వాల్యూమ్, తెర ఆఫ్, నెట్‌వర్క్ ఆఫ్, ఒక్కో దారిలో కనీసం పది నిమిషాలు. యూఎస్‌బీ పోర్టు నుంచి డ్యాక్ తాగే కరెంటు రెండు దారుల్లోనూ ఉంటుంది. డ్యాక్ పెద్దదైతే సీపీయూ నిద్రలో మిగిలింది దాని ముందు కనపడకపోవచ్చు. అందుకని మొదటి పరీక్ష చిన్న టైప్‌-సీ డాంగిల్‌తో చేయండి.

ల్యాప్‌టాప్‌కి మాత్రం చేయగలిగింది తక్కువ. పైప్‌వైర్ క్వాంటం పెంచితే ప్లేయర్ వైపు మేలుకొలుపులు తగ్గుతాయి, యూఆర్‌బీల 6 మిల్లీసెకన్ల హద్దు మాత్రం అలాగే ఉంటుంది. పాట ఆగినప్పుడు డ్యాక్ నోడ్ సస్పెండ్ అవుతోందా, యూఎస్‌బీ ఆటోసస్పెండ్ ఆన్‌లో ఉందా చూసుకుంటే చాలు.

ఎక్కడైనా ఆగిపోతే ఈ మూడూ ఇక్కడ పెట్టండి: డ్యాక్ తగిలించిన దగ్గర్నుంచి పాట మొదలయ్యే దాకా డీమెసేజ్, యూఎస్‌బీ కార్డు స్ట్రీమ్0 ఫైలు, మీ డివైస్ ట్రీలో క్యూ6యూఎస్‌బీ నోడ్. ఇవి లేకుండా చెప్పేది ఊహే అవుతుంది.